దువ్వెన ఉన్న పెద్దకోడలు

మా ఊరిని నా మనవరాలు సబ్బునీళ్ళలో నానబెట్టింది.

ఊరంటే మొత్తం ఊరు కాదు. ఊరు ఎప్పుడో పోయింది. మిగిలిందల్లా ఒక రేకు డబ్బాలో పట్టినన్ని గుల్లలు. అలమర పైఅరలో, ఎవరూ ముట్టుకోని నా పాత మఫ్లరు వెనక ఉండేవి. ఆ ఆదివారం పొద్దున్న కాఫీ కోసం వంటింటి వైపు వెళితే నేల మీద ప్లాస్టిక్ టబ్బు, టబ్బు నిండా నురగ, నురగలో నా గుల్లలు, పక్కన పాత టూత్‌బ్రష్షు పట్టుకుని మా బుల్లి. అంతటితో ఆగలేదు. రుషికొండ బీచి దగ్గర కొట్లో కొన్న గుల్లల పొట్లం ఒకటి విప్పి దాన్ని కూడా అదే టబ్బులో గుమ్మరించింది.

"స్కూల్లో ఎగ్జిబిషన్ తాతా. మా టీముకి షెల్స్ వచ్చాయి. నీవి బాగా డర్టీగా ఉన్నాయని వాష్ చేశా. చూడు, ఇప్పుడు అన్నీ సేమ్!"

నేను అరిచిన అరుపుకి మద్దిలపాలెం డిపోలో స్టార్టు చేసిన బస్సులు ఆగిపోయాయి. కండక్టర్లు తలలు బయటపెట్టి ఎవరి ఇల్లు కూలిందోనని చూశారు.

అబద్ధం. మా ఇల్లు డిపో వెనక వీధిలోనే కానీ నా నోట్లోంచి ఒక్క మాట కూడా రాలేదు. కోపం ఒక హద్దు దాటితే నా గొంతు పనిచేయదు. గుడ్లురిమి చూశానంతే. మా కోడలు వచ్చి టబ్బులోకి తొంగిచూసి, "ఎంత తెల్లగా వచ్చాయో కదండీ మామయ్యా" అంది. తెల్లగా రావడమే కదమ్మా నా ఏడుపు! ఆ మాటా అనలేకపోయాను. ఆ మురికి ఏమిటో ఇంట్లో ఎవరికీ నేను చెప్పి ఉంటే కదా.

మీకు చెబుతాను. ఆ మురికి మా అప్ప తరఫు సాక్షి. అక్కని మా వైపు అప్ప అంటాం. ఒక ఊరు ఊరంతా కలిసి మా అప్ప నెత్తిన ఒక నింద పెట్టింది. అది అబద్ధమని చెప్పగలిగింది భూమ్మీద ఇంకేదైనా ఉంటే ఆ డబ్బాలోనే ఉంది. దాన్ని టూత్‌బ్రష్షుతో తోమేశారు. కొట్లో సరుకుతో కలిపేశారు. పైగా అన్నీ సేమ్ అంటున్నారు.

*

మా ఊరి పేరు చెప్పను. చెప్పినా మీకు దొరకదు. ఇప్పుడు అక్కడ నల్లరాళ్ళ గోడ ఉంది, గోడవతల క్రేన్లున్నాయి. మా వీధి ఉన్నచోట ఏ దేశానికి పోయే సరుకో పేర్చి ఉంటుంది. ఒకసారి చూసొద్దామని వెళితే గేటు దగ్గర నూనూగు మీసాల కుర్రాడు "పాసుందా పెద్దాయనా?" అన్నాడు. నా బొడ్డు కోసిన చోటికి నాకు పాసు కావాలట. వాడి కాలరు పట్టుకుని గోడకేసి నొక్కాను. సరే, నొక్కలేదు. "లేదు బాబూ" అని వెనక్కి వచ్చేశాను. కానీ ఆ రోజంతా నా చేతివేళ్ళు వాడి కాలరు పట్టుకునే ఉన్నాయి.

మాది ఇసక నేల. మా అయ్య అందులోనే చోళ్ళు, అదే రాగులు, చల్లేవాడు. చోళ్ళు మా పొట్టల దాకా వచ్చేవి కావు. మిగతా కడుపు సముద్రం నింపాలి. చేపలవేట మా పని కాదు, ఒడ్డున గుల్లలేరడం మా పని. తెల్లారేసరికి అమ్మ చోడంబలి పోసేది, అందులో ఉల్లిపాయ ముక్కలు, నంజుకోడానికి నిప్పుల మీద కాల్చిన ఎండుచేప. ఆ కాలిన ఉప్పు వాసన అరచేతికి పట్టి మధ్యాహ్నం దాకా వదిలేది కాదు. ఇసక మీద పడుకుని చేతిని వాసన చూస్తూ ఇంకోసారి అన్నం తిన్నట్టు అనుకునేవాణ్ణి. సరుగుడు తోటలో గాలి ఎప్పుడూ ఏదో గొణిగేది. అన్నిటినీ మించిన వాసన ఊరి చివర సున్నపు బట్టీది. గుల్లలు కాలుతుంటే గోళ్ళు కాల్చినట్టు ఉండేది. కొత్తగా వచ్చినవాళ్ళు ముక్కు మూసుకునేవారు. మాకు అది పని ఉందన్న వాసన.

బట్టీ ఆసామికి మెలేసిన మీసం, ఒడిలో ఎప్పుడూ తమలపాకుల పెట్టె. ఆడవాళ్ళూ పిల్లలూ తట్టలతో గుల్లలు తెచ్చి పోస్తే అతను తట్ట బరువుకి డబ్బులిచ్చి, బొగ్గూ గుల్లలూ వరసలు పేర్చి కాల్చేవాడు. కాలిన గుల్ల మీద నీళ్ళు కొడితే అది బుసకొట్టి, పగిలి, పిండైపోయేది. ఆ గుల్లసున్నమే ఊరి గోడలకీ, ఊరి నోళ్ళకీ.

ఒకసారి గవ్వలో దాక్కునే పీతనొకదాన్ని తెచ్చి అతని తమలపాకుల పెట్టెలో వేశాను. అది మీసం పట్టుకుని వేలాడింది, ఆసామి బట్టీ చుట్టూ గంతులేశాడు, మీసం ఒకవైపు ఊడొచ్చింది! కాదులెండి. పీత పెట్టెలోంచి దిగి మంచం కిందికి పోయింది. ఎవరూ చూడలేదు. తర్వాత జరిగినది తలుచుకుంటే దాన్ని వెతికి మళ్ళీ వెయ్యాల్సింది అనిపిస్తుంది.

అప్ప నాకంటే ఆరేడేళ్ళు పెద్దది. బట్టీ దగ్గర పోసిన గుల్లల్ని జాతులుగా విడదీసే పని దానిది. నన్ను పక్కన కూచోబెట్టుకుని నేర్పేది.

"ఇదేటి?"

"గీతల గుల్ల."

"మరదేటి?"

"అదీ గీతల గుల్లే."

చెంప మీద ఒకటి పడేది. "కల్లెట్టుకుని సూడ్రా గుంటడా! పైన సూత్తే ఏటి తెలుత్తాది? తోడికోడళ్ళు ఒకే సంతలో కొన్న కోకలు కడతారు. ఈది లోంచి సూత్తే ఒకలాగే అవుపడతారు. తిప్పి లోపల సూడు. దువ్వెనుంటే పెద్దకోడలు, నేకపోతే సిన్నకోడలు."

నిజమే. పైకి రెండిటికీ విసనకర్ర మడతల్లాంటి గీతలే. తిప్పితే తెలుస్తుంది. పెద్దకోడలికి రెండు చిప్పలూ కలిసే అంచు గీత గీసినట్టు తిన్నగా ఉంటుంది, ఆ అంచు పొడుగునా పేలదువ్వెన పళ్ళలా సన్నటి పళ్ళు. చిన్నకోడలికి ఆ అంచు గుండ్రంగా వంగి ఉంటుంది, మధ్యలో ఒకటి రెండు మేకుల్లాంటి మొనలు, అంతే. పెద్దకోడలు మందం, నిదానంగా కాలుతుంది. చిన్నకోడలు పలచన, ఊదితే కాలిపోతుంది. రెండూ కలిపి కాలిస్తే ఒకటి బూడిదయ్యేసరికి రెండోది లోపల రాయిగానే ఉంటుంది. అప్పుడు తాంబూలం నమిలేవాడి పన్ను విరుగుతుంది, ఆ కోపం మా మీదికి వస్తుంది.

ఇంకో పరీక్ష పన్నుతోనే. గుల్లని ముందుపంటికి తట్టాలి. గట్టి గుల్ల అయితే 'టింగ్' మని మోగి ఆ మోత పుర్రెలోంచి చెవిలోకి పోతుంది. చాలాకాలం నాని చచ్చిన గుల్ల 'టప్' మంటుంది. మోగేది బట్టీకి, మోగనిది మళ్ళీ సముద్రానికి.

అప్ప కళ్ళకి గంతలు కట్టి తట్టెడు గుల్లలు ముందు పోసినా ఒక్కటి తప్పేది కాదు. ఓడల్లో వచ్చిన దొరలు కూడా చూసిపోయేవారు. దొరలు రాలేదు, గంతలు కట్టిన మాట నిజం. కట్టింది నేనే, కొన్ని తప్పింది, తప్పినందుకు నా వీపు వాచింది.

*

ఇప్పుడు చెప్పబోయేది ఆ ఏటి వేసవి సంగతి. దీనికే ఇంత రాయడం.

కొండవతల ఎర్రమన్ను కుప్పలు పొయ్యడం మొదలుపెట్టారు. ఇనుము తీసే మన్ను. ఎక్కడినుంచో రైళ్ళలో వచ్చేది, ఓడల్లో ఎక్కడికో పోయేది. మాకు దానితో ఏ సంబంధమూ లేదు. గాలికి మాత్రం ఉండేది. మొదట్లో అది దుమ్మని కూడా ఎవరికీ తోచలేదు. వేసవిలో గాలి కొంచెం మురిగ్గా ఉండటం వింతా? అది ఒడ్డున ఎండిన గుల్లల మీద వాలి, ఉప్పుతో కలిసి పెద్దకోడళ్ళ దువ్వెన పళ్ళ సందుల్లో కూచుంది. అక్కడ ఎవరు చూస్తారు?

అమ్మోరి పండగ దగ్గరపడింది. పండక్కి ముందు గుడికి సున్నం కొట్టాలి, అది మా బట్టీ సున్నమే కావాలి. నీళ్ళు కొట్టినప్పుడే పిండి కాస్త రంగు తిరిగి ఉంది. ఎండితే తెల్లబడుతుందని ఆసామి అన్నాడు. గుడి గోడలకి కొట్టారు. మర్నాటికి ఎండింది. నెత్తురు గుడ్డ ఉతికి ఆరేసినట్టుంది గోడ.

ఊరు ఊరంతా గుడి ముందు చేరింది. అమ్మోరు కన్నెర్ర చేసిందని ఆడవాళ్ళు ఏడుపు లంకించుకున్నారు. పెద్దలు ఆసామిని నిలదీశారు. సున్నంలో ఎరుపు కనబడితే మావాళ్ళకి తెలిసిన కారణం ఒక్కటే, ఇటుక పొడి. గచ్చు చెయ్యడానికి సున్నంలో ఇటుక పొడి వేసి దంచడం ప్రతి ఇంటా చేసే పనే. ఎర్ర సున్నం అంటే ఇటుక కలిసింది, అంతే. గాలి ఎర్రగా ఉంటుందని ఎవడి బుర్రకైనా ఎలా తడుతుంది? అప్పటికి ఆ తప్పు తప్పు కాదని ఒప్పుకుంటాను. ఆ తర్వాతదే నేను ఒప్పుకోను.

ఆసామి మీసం ఒకసారి తడుముకుని మా అప్ప వైపు చెయ్యి చూపించాడు. "గుల్లలు ఏరతంది ఈ గుంటే. తట్ట బరువొత్తాదని ఇటిక ముక్కలు కలిపీసింది. నా బట్టీలో కలిపినా ఊరుకుందును, అమ్మోరి గోడలోనా?"

"దీపం ఆర్పి పెమాణం సెయ్యమనండి" అన్నారెవరో. మా ఊళ్ళో అదే తీర్పు. అమ్మోరి ముందు వెలిగే దీపాన్ని అరచేత్తో ఆర్పి తప్పు చెయ్యలేదని చెప్పాలి. అబద్ధమైతే ఇంటి దీపం ఆరుతుంది.

అప్ప నడిచి వెళ్ళింది. దీపం మీద అరచెయ్యి బోర్లించి నొక్కింది. "నాను ఇటిక కలిపితే అమ్మోరు నన్నిక్కడే మింగీమను!" అంది. అంతే, కొండ మీంచి గాలి లేచింది. ఎర్రదుమ్ము సుడులు తిరుగుతూ వచ్చి అందరి నెత్తి మీదా పడింది. ఆసామి తెల్లపంచె ఎర్రపంచె అయిపోయింది. వాడు "తప్పయిపోనాది తల్లీ!" అంటూ అప్ప కాళ్ళ మీద పడ్డాడు.

మా బుల్లికి పడుకునే ముందు ఈ కథ ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన ప్రతిసారీ గాలి ఇంకొంచెం పెద్దదయ్యేది.

జరిగింది వేరు. అప్ప దీపం దాకా వెళ్ళిన మాట నిజం. వెళ్ళి, చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది.

"నాను సెయ్యను."

"ఎందుకు సెయ్యవే?"

"కలిపినానని అంతన్నది ఆడు. సూసుంటే ఆడినే ఆర్పమనండి దీపం."

ఇంత మాట ఆడపిల్ల నోట ఆ గుడి ముందు ఎవరూ వినలేదు.  తర్వాత గుంపులోంచి ఒక గొంతు, "సూసినారా, ఒప్పీసుకుంది" అంది. ఆ మాటకి అందరికీ ప్రాణం లేచొచ్చింది. మా అమ్మే గుంపులోంచి వచ్చి అందరి ముందూ దాన్ని కొట్టింది. గాలి లేవలేదు. అవసరమైనప్పుడు అది ఎప్పుడూ లేవదు.

ఆ రోజునుంచి మా అప్పకి పేరు పోయింది. ఇటికల గుంట. గుంటంటే మా వైపు ఆడపిల్ల. నీళ్ళకి వెళ్తే ఇటికల గుంట, సంతకి వెళ్తే ఇటికల గుంట. బట్టీ దగ్గర దాని చోట ఇంకొకర్ని కూచోబెట్టారు. గుల్లల్ని చూస్తే ముఖం తిప్పుకునేది.

ఆ వేసవి ముగియకముందే గాలి ముదిరింది. ఆరేసిన చేపలు ఎర్రబడ్డాయి. అంబలి కుండ మూత తీస్తే మూత మీద ఎర్రటి పొర. మేకల వీపులు ఎర్రబడ్డాయి. ఉతికిన పంచెలు ఎర్రబడ్డాయి. కళ్ళున్న ప్రతివాడికీ తెలిసింది ఎరుపు ఎక్కడినుంచి వచ్చిందో. ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, మా గుమ్మం ముందుకొచ్చి "గుంటా, తప్పయిపోనాది" అనలేదు. ఆసామి బట్టీ మూసేశాడు. ఎందుకు మూశావని అడిగినవాళ్ళకి ఏమన్నాడో తెలుసా? "ఎర్రదుమ్మొచ్చి నా బట్టీ ముంచీసింది బావా." వాడి నష్టానికి దుమ్ము కారణం. మా అప్ప విషయానికి మాత్రం ఇటుకే. పొద్దున్న ఒకటి, సాయంత్రం ఒకటి అదే నోటితో చెప్పేవాడు, విన్నవాళ్ళు రెండిటికీ తల ఊపేవారు. ఈ వయసులో కూడా అది గుర్తొస్తే నాకు అన్నం సహించదు.

అప్పుడే ఒడ్డుకి వెళ్ళి, దువ్వెన పళ్ళలో ఎరుపున్న పెద్దకోడళ్ళని ఏరి రేకు డబ్బాలో పోసుకున్నాను. అందరి ముందూ వాడి ముఖాన కొట్టాలని. కొట్టాను కూడా, మీసంలోంచి రక్తం... లేదు. కొట్టలేదు. అదను కోసం చూస్తుండగానే ఓడరేవు కోసం మా ఊరు లేపేశారు. సామాను లారీలకెత్తారు. వాడు ఒక చోట దిగాడు, మేము ఒక చోట దిగాం. డబ్బా నా చేతిలో ఉండిపోయింది. అప్పకి కూడా చెప్పలేదు. గుల్లల మాటెత్తితే లేచిపోయేది. ఆనందపురం సంబంధం కుదిరి పెళ్ళవుతుంటే, మా ఊరి ముసలామె ఒకతె అక్షింతలు వేస్తూ ప్రేమగానే అంది, "మా ఇటికల గుంట పెల్లికూతురైపోనాదర్రా!" అని. అప్ప తలెత్తలేదు. అక్షింతలు దాని తల మీంచి జారి ఒళ్ళో పడుతుంటే చూస్తూ కూచుంది.

*

టబ్బులోని గుల్లల్ని తుడిచి, సంచీలో పోసి, బుల్లిని వెంటబెట్టుకుని ఆనందపురం బస్సెక్కాను. నేనూ ప్రయత్నించకపోలేదు. తిప్పి చూశాను. కొట్టువాడు అమ్మింది కూడా పెద్దకోడళ్ళే! ఏ సముద్రంలో తీశారో, ఏ మందులో ముంచారో, వార్నీషు పూసి రుషికొండలో పెట్టి అమ్ముతున్నాడు. సబ్బు దెబ్బకి నావి కూడా వాటి అక్కచెల్లెళ్ళలా తయారయ్యాయి. ఏది మా ఒడ్డుదో, ఏది కొట్టుదో తేలాలంటే ఇక మిగిలింది అప్ప ఒక్కతే.

బస్సులో బుల్లి మూతి ముడుచుకుని కూచుంది. "సారీ చెప్పాను కదా తాతా."

"చెప్పావు."

"మరెందుకంత కోపం?"

"నీ మీద కాదు."

"ఎవరి మీద?"

జాబితా పెద్దది. బస్సు దిగాల్సి వచ్చింది.

అప్ప ఇంటి అరుగు మీద కూచుని బంతిపూలు గుచ్చుతోంది. వాళ్ళది పూలతోట. కళ్ళలో పొరలు కమ్మేసినా ఆపరేషన్ అంటే ఒప్పుకోదు. సూది మాత్రం పువ్వు నడుంలోంచి తప్పిపోదు. నోట్లో ఒక్క పన్ను లేదు.

"ఎవుడది? సెప్పుల సప్పుడు బట్టి ముసిలోడే. ఇంకా తిరుగుతన్నావేట్రా?"

"నువ్వెల్తావేమో సూసి ఎల్దామని."

"నాను ఎల్నహె. నీ దినం కూడు తినే ఎల్తాను. ఎంబడి ఎవులు?"

"మనవరాలు."

బుల్లి వెళ్ళి అప్ప మోకాళ్ళు పట్టుకుంది. కథలో మనిషిని మొదటిసారి కళ్ళారా చూస్తున్నట్టు, "పెద్దమామ్మా! నువ్వు దీపాన్ని చేత్తో ఆర్పేశావట కదా! ఆ సున్నం ఆయన నీ కాళ్ళ మీద పడిపోయాడట కదా!" అంది.

సూది ఆగింది. 

"ఎవులు సెప్పినారే?"

"తాత."

అప్ప ముఖం నా వైపు తిరిగింది. ఆ కళ్ళు చూడలేవని తెలిసినా నేను పక్కకి జరిగాను.

"ఒరే. ఆడు నా కాల్ల మీద పడ్డాడా? ఎప్పుడు పడ్డాడ్రా? నాకు తెలకుండా పడ్డాడా?"

"పిల్లకి బాగుంటాదని..."

"పిల్లకి బాగుంటాదనా, నీకు బాగుంటాదనా? నా బతుకుని గూడా కల్తీ సేసి అమ్ముకుంతన్నావా? దీపం నాను ఆర్పనేదు. ఆర్పకపోడమే నాను సేసింది! అదొక్కటే సేసినాను నా బతుకులో. అది గూడా తీసీసినావు గదరా ముసిలోడా."

నేను తల దించుకున్నాను. గాలిని పెద్దది చేస్తూ చేస్తూ నేను మా అప్పని చిన్నది చేశానని అప్పుడు తెలిసింది.

"సూడు బుల్లీ" అంది అప్ప. గొంతు తగ్గించలేదు. "ఎవుడూ పడనేదు. ఎవుడూ మాట ఎనక్కి తీసుకోనేదు. తీసుకోకుండానే అందరూ సచ్చినారు. అదీ కత. నచ్చితే ఇను, నేకపోతే నేదు."

బుల్లి కళ్ళు పెద్దవి చేసుకుని చూస్తోంది. "నచ్చింది" అంది నెమ్మదిగా.

"ఆ సంచీలో గలగలేటి?"

అప్పుడు చెప్పాను. డబ్బా సంగతి, దువ్వెన పళ్ళలో ఎరుపు సంగతి, ఇన్నేళ్ళూ మఫ్లరు వెనక దాచిన సంగతి, సబ్బునీళ్ళు, కొట్లో సరుకు, అంతా. ఈసారి ఏమీ పెంచలేదు.  అప్ప వేలితో ఒక బంతిపువ్వు రేకలు నలుపుతూ కూచుంది.

"ఇన్నేల్లూ దాసినావేట్రా?"

"దాసినాను."

"ఎవుడికి సూపిద్దారని?"

నేను సంచీ మూతి విప్పాను.

"దువ్వెన సూసినావా?"

"సూసినాను. కొట్టోడివి గూడా పెద్దకోడళ్ళే."

"పన్నుకి కొట్టు మరి."

"నావి కట్టుడు పళ్ళే అప్పా. ఏటి కొట్టినా టప్పే."

"నావి ఆ పాటి గూడా నేవు." ఇద్దరం ఒకేసారి బుల్లి వైపు తిరిగాం. అప్ప చెయ్యి చాపి దాని గడ్డం పట్టుకుంది. "దీనికున్నాయి గదరా!"

"ఛీ, షెల్స్ నోట్లోనా?"

"సబ్బెట్టి తోమినావు గదే, ఇంకేటి నీకు? కొట్టు. కల్లు మూసుకుని కొట్టు."

బుల్లి ఒక గుల్ల తీసి ముందుపంటికి తట్టింది. అప్ప చెవి దాని చెంపకి ఆనించింది. "ఇంకోపాలి." మళ్ళీ తట్టింది. "ఇంకోటి తీసి కొట్టు. తేడా తెలిసిందా?"

"లేదు."

నెత్తి మీద ఒక మొట్టికాయ. మా బుల్లి ఏడుస్తుందనుకున్నాను. దానికి రోషం వచ్చింది. బాసింపట్టు వేసుకుని కూచుంది. తడుతోంది, పక్కన పెడుతోంది, మళ్ళీ తీసి తడుతోంది. ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది.

"తాతా! ఇది తలలోపల మోగింది!"

అక్కడినుంచి ఆగలేదు. మోగినవి పూల చేటలో ఇటు పక్క, వార్నీషు కింద గొంతు పూడుకుపోయినవి అటు పక్క. ఒకటి రెండు చోట్ల అప్ప "కాదు" అంది, బుల్లి "అవును" అంది. అప్ప విని ఒప్పుకుంది కూడా. మా అప్ప ఒకరి మాట ఒప్పుకోవడం నేను పుట్టి ఎరగను.

ఇటు పక్క కొన్నే మిగిలాయి. డబ్బాలో ఉన్నన్ని లేవు. కొన్ని మా బుల్లి బ్రష్షుకే చచ్చిపోయి ఉంటాయి. అప్ప పూలు గుచ్చే సూదిని తుడిచి బుల్లి చేతికిచ్చింది. పూల మీద కప్పిన తెల్లటి తడిగుడ్డ ఒళ్ళో పరిచింది.

"దువ్వెన పళ్ళ మజ్జన గోకు. ఒత్తకు, ఇరిగిపోతాది."

మొదటి గుల్లలో ఏమీ లేదు. రెండోదాంట్లో లేదు. నేను చేతులు చంకల్లో పెట్టుకున్నాను. ఆ తర్వాతదాంట్లో, అంచు చివర, బ్రష్షు పోని మూలలో, సూదిమొన కదిపితే చీమ తలకాయంత పొడి తెల్లగుడ్డ మీద పడింది.

"రెడ్!" అంది బుల్లి.

"ఇటిక రంగా?" అంది అప్ప. ఆ మాట అడగడానికి దానికి ఎంత ఊపిరి కావాల్సి వచ్చిందో నాకు వినబడింది.

 బుల్లి గుడ్డ మడత జాగ్రత్తగా ఎత్తుకుని లేచింది. ఎదురింటివాళ్ళు గోడ కడుతున్నారు, ఇటుకలు పేర్చి ఉన్నాయి. అక్కడికి వెళ్ళి ఒక ఇటుకని గోటితో గీకి, ఆ పొడిని ఈ పొడి పక్కన పెట్టింది. ఎండలోకి వంగి చూసింది. పెద్దకోడలికీ చిన్నకోడలికీ తేడా చూస్తున్నప్పుడు అప్ప మెడ సరిగ్గా అలాగే వంగేది.

అక్కడినుంచే చెప్పింది. "కాదు మామ్మా. ఇటుక ఆరెంజ్‌గా ఉంది. ఇది నల్లటి ఎరుపు. కొంచెం మెరుస్తోంది కూడా, ఇనుములాగ. రెండూ సేమ్ కాదు."

 అప్ప వేళ్ళు అరుగు అంచుని తడుముతున్నాయి.

"గట్టిగా సెప్పు."

"ఏం చెప్పాలి?"

"ఇటిక కాదని సెప్పు. అక్కడే, ఈదిలో నిలబడి సెప్పు."

బుల్లి నా వైపు చూసింది. చెప్పమన్నట్టు తలాడించాను. స్కూల్లో ప్రార్థన చెప్పేటప్పటిలా తిన్నగా నిలబడి, గొంతు ఎత్తి అరిచింది.

"ఇది ఇటుక కాదు!"

ఆనందపురం జంక్షన్లో లారీలు ఆగిపోయాయి, పూలు బేరమాడుతున్నవాళ్ళు తలలు తిప్పారు, హైవే అంతా ఒక్క క్షణం నోరు మూసుకుంది. ఇలా రాయాలని నా చెయ్యి పీకుతోంది. రాయను. ఇప్పుడు రాస్తే అప్ప ఊరుకోదు. ఎవరూ ఆగలేదు. ఎవరూ తల తిప్పలేదు. ఎదురింటి మేస్త్రీ ఒకడు పిల్ల ఏదో ఆడుకుంటోందనుకుని తాపీ అందుకున్నాడు. ఆ రోజు అమ్మోరి గుడి ముందు నిలబడ్డ ఊరిలో నాకు తెలిసి మిగిలింది మేమిద్దరమే. వినాల్సినవాళ్ళు వినకుండానే పోయారు. అందుకు ఈ వాక్యం రాస్తున్నప్పుడు కూడా నాకు ఒళ్ళు మండుతోంది, అది ఆరదు, ఆరాలని కూడా నాకు లేదు.

అప్ప మాత్రం ఆ కేక వచ్చిన వైపు ముఖం తిప్పింది. చెవి వెనక అరచెయ్యి పెట్టుకుంది.

"ఇంకోపాలి" అంది.